'వాచా!' – ఒక పాత పలకరింపు కథ

పలకరింపుకు అర్థం వెతకడం పెళ్ళిలో అక్షింతలు లెక్కపెట్టడం లాంటిది. ఎన్ని గింజలు పడ్డాయన్నది కాదు, నెత్తిమీద పడ్డాయా లేదా అన్నదే ముఖ్యం. దారిలో ఎదురైన పెద్దమనిషి "ఎందాకా?" అంటాడు. "ఎక్కడికి" అని అడగకూడదు గనుక అలా అంటాడు. "ఇలా ఇక్కడికే" అంటాం మనం. ఆయనకు మన గమ్యం తెలియలేదు, మనం చెప్పనూలేదు. అయినా ఇద్దరికీ తృప్తిగానే వుంటుంది. అదే పెద్దమనిషి ఓ పూట మాట్లాడకుండా తలవంచుకుని వెళ్ళిపోయాడనుకోండి, ఇక ఆ రోజంతా మనకు అదే ఆలోచన. ఏం కోపం వచ్చిందో! ఎవరు ఏం చెప్పారో!

అర్థం లేని మాట ఇంత పని చేస్తుందా? చేస్తుంది. అయితే దానికి మొదట్లో అర్థం లేకపోలేదు. వాడగా వాడగా రూపాయి బిళ్ళ మీద బొమ్మ అరిగిపోయినట్టు అరిగిపోయింది. అరిగిన బిళ్ళను వెలుతురులో పెట్టి, దానిమీద ఏ రాజు ముఖం వుండేదో చూడడం నాబోటి భాషోపాధ్యాయులకు సరదా. ఈసారి నా చేతికి చిక్కినది మన బిళ్ళ కాదు, ఇంగ్లీషువాళ్ళది.

హారీ పాటర్ కథలు మన పిల్లలంతా చదువుతున్నారు. 2003లో వచ్చిన అయిదో పుస్తకంలో టాంక్స్ అనే చిలిపి మంత్రగత్తె ఒకామె వుంది. ఆమె హారీని 'హలో' అని గాని, 'గుడ్ ఈవినింగ్' అని గాని పలకరించదు. 'వాచర్' అంటుంది. లండన్ నోట చివరి రకారం పలకదు గనుక వినడానికి అది 'వాచా' అన్నట్టే వుంటుంది. మా కాలేజీలో ఒకమ్మాయి ఈ మాట పట్టుకొచ్చి, "మాస్టారూ, ఇది మన 'మనసా వాచా కర్మణా'లోని వాచాయేనా?" అని అడిగింది. కాదు తల్లీ అన్నాను. కాని ఆ మాట పుట్టుక వెతుక్కుంటూ వెళితే చివరకు సంస్కృతం గుమ్మం దగ్గరకే వస్తుంది. ఎలాగో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ముఖం నుంచి మనసుకు

'వాచా' అసలు రూపం 'వాట్ చీర్?' ఇందులో 'వాట్' అంటే ఏమిటి, ఎలాంటిది అని అర్థం. ఇక 'చీర్' అనగానే మనకు సంతోషం, కేరింతలు, క్రికెట్ మైదానంలో చప్పట్లు గుర్తుకొస్తాయి. అవన్నీ తర్వాత వచ్చినవి. ఆ మాట 13వ శతాబ్దిలో ఫ్రెంచివారి నోటినుంచి ఇంగ్లీషులోకి దిగినప్పుడు దాని అర్థం ఒకటే: ముఖం. ఫ్రెంచిలోకి అది లాటిన్ 'కారా' నుంచి వచ్చింది. స్పెయిన్ దేశంలో ఇవాళ్టికీ ముఖాన్ని 'కారా' అనే అంటారు.

ముఖం కాస్తా మనసు ఎలా అయింది? ఈ సంగతి తెలుగువాడికి ఒకరు చెప్పాలా! "ముఖం చేటంత చేసుకుని వచ్చాడు" అంటే సంతోషం. "ముఖం గంటుపెట్టుకుని కూర్చుంది" అంటే కోపం. "ముఖం చిన్నబోయింది" అంటే దిగులు. మనసులోది పైకి కనబడే కిటికీ ముఖం. ఎదుటివాడి ముఖం చూసి నొప్పించలేక 'సరే' అనేస్తామే, ఆ మొహమాటం కూడా 'ముఖమాటం' నుంచి వచ్చినదే. ఇంగ్లీషువాళ్ళ 'చీర్' కూడా ఈ దారినే నడిచింది. ముందు ముఖం అయింది, తర్వాత ముఖంలో కనిపించే మనఃస్థితి అయింది. మంచిదైనా చెడ్డదైనా అది 'చీరే'. రానురాను మంచి మాత్రమే మిగిలి ఉల్లాసం అన్న అర్థం స్థిరపడింది. ఉల్లాసంతో వేసే కేకలు 'చీర్స్' అయ్యాయి. ఆఖరికి గ్లాసులు తాకించి అనే మాటా అదే అయింది.

కాబట్టి 'వాట్ చీర్?' అంటే "నీ ముఖం ఎలా వుంది?" అని, అంటే "మనసెలా వుంది?" అని. మరి సంస్కృతం మాటేమిటంటారా? లాటిన్ 'కారా' వెనుక గ్రీకుల 'కారా' వుందని పండితుల ఊహ. గ్రీకులో దాని అర్థం తల. ఆ గ్రీకు తలకూ మన సంస్కృతంలోని 'శిరస్సు'కూ మూలధాతువు ఒకటే. అనగా 'చీర్'కూ శిరస్సుకూ ఎక్కడో, కొన్ని వేల ఏళ్ళ వెనుక, చుట్టరికం వుంది. ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మాయిలూ అబ్బాయిలూ నోట్సు రాసుకోవడం మానేసి నిజంగానే తలలెత్తి చూశారు!

రెండు నాటకాలు, రెండు పలకరింపులు

15వ శతాబ్ది నాటికే ఇంగ్లండులో 'వాట్ చీర్?' వాడుకలో వుంది. అప్పట్లో అది అలగాజనం మాట కాదు, అందరి మాటా అదే. షేక్‌స్పియర్ 'టెంపెస్ట్' నాటకం సముద్రంలో తుఫానుతో మొదలవుతుంది. ఓడ యజమాని సరంగును పిలవగానే సరంగు పలికే పలుకులో ఈ మాట వుంది. ఉరుములూ మెరుపులూ, ఓడ మునుగుతుందో తేలుతుందో తెలియదు. అలాంటప్పుడు "ఏమిటి పరిస్థితి?" అని అడగడానికి ఈ మాట వచ్చింది. ఆ నాటకాన్ని 1611 నవంబరు 1న రాజుగారి ఎదుట ఆడారు.

సరిగ్గా ఏడేళ్ళ ముందు, 1604లో అదే నవంబరు 1న, అదే రాజుగారి కొలువులో 'ఒథెల్లో' ఆడారు. దాని మొదటి రంగంలో అర్ధరాత్రి వీధిలో నిలబడి ఒకడు ఇంట్లో నిద్రపోతున్న పెద్దమనిషిని 'వాట్ హో!' అని కేకవేసి లేపుతాడు. మన "ఓహోయ్, ఎవరక్కడ!" లాంటి కేక అది.

ఈ రెండు మాటలూ ఒకే కాలంలో ఒకే నాటకకర్త చేతిమీదుగా నడిచినవి. తర్వాత వాటి గతులు చూడండి. 'వాట్ హో' క్లబ్బులకు ఎక్కింది. తాతలు సంపాదించిన డబ్బుతో పొద్దు గడిపే లండన్ దొరబాబుల నోట అది పలకరింపు అయింది. పి. జి. వుడ్‌హౌస్ సృష్టించిన బెర్టీ వూస్టర్ గుర్తున్నాడు గదా! జీవ్స్ లాంటి సేవకుడు పక్కన లేకపోతే ఒక్క పూట గడవని ఆ అమాయక శ్రీమంతుడి ఊతపదం 'వాట్ హో'. ఇక 'వాట్ చీర్' ఓడరేవులకు దిగింది. నావికుల నోట, కూలీల నోట, సంతల్లో పళ్ళూ చేపలూ అమ్మేవాళ్ళ నోట నానింది. అన్నదమ్ముల్లో ఒకడు జమీందారుకు దత్తు వెళ్ళి, రెండోవాడు రేవులో మూటలు మోసినట్టయింది. ఇవాళ ఒకడి వైభవం హాస్యకథల్లో మిగిలింది. మూటలు మోసినవాడు మాత్రం ఇంకా వీధిలో తిరుగుతూనే వున్నాడు.

నది ఒడ్డున

ఈ మాట ఒక్కసారి మాత్రం చరిత్రలో చాలా పెద్ద పని చేసింది.

అమెరికాలో ఇంగ్లీషువారి వలసలు మొదలైన తొలిరోజులు. మసాచుసెట్స్‌లో రోజర్ విలియమ్స్ అనే మతబోధకుడుండేవాడు. మనిషి మత విశ్వాసంలో ప్రభుత్వం చేయి పెట్టకూడదని ఆయన వాదం. ఇండియన్ల నేలను వాళ్ళ దగ్గర కొనకుండా రాజుగారు ఎవరికో ధారపోయడానికి వీల్లేదని కూడా అన్నాడు. ఇలాంటి మనిషిని ఊళ్ళో ఎవరుంచుతారు? 1635 అక్టోబరులో బహిష్కరించారు. 1636 జనవరిలో ఓడ ఎక్కించి ఇంగ్లండుకు పంపేయబోతున్నారని తెలిసి, మంచు కురిసే అడవిలో పడి పారిపోయాడు. ఆ చలికాలం ఆయనను కాపాడినవాళ్ళు స్వజాతివాళ్ళు కాదు, వాంపనోగ్ తెగ ఇండియన్లు.

వసంతం వచ్చాక ఆయన నలుగురైదుగురితో చిన్న పడవలో సీకాంక్ నది దాటుతున్నాడు. ఆవలి గట్టు నారగాన్సెట్ తెగవారిది. అక్కడ ఒక రాతిమీద నిలబడిన ఇండియన్లు ఈ పడవను చూసి "వాట్ చీర్, నీటాప్?" అని కేక వేశారని ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. 'నీటాప్' అంటే వాళ్ళ భాషలో మిత్రుడు. సగం ఇంగ్లీషు, సగం నారగాన్సెట్. "ముఖమెలా వుంది, నేస్తం?" అన్నమాట! సొంతవాళ్ళు వెళ్ళగొట్టిన మనిషిని, ఆయన భాషలోనే, పరాయివాళ్ళు నేస్తమని పిలిచారు. ఆ ఏడే అక్కడ ఆయన స్థాపించిన ఊరు ప్రావిడెన్స్. ఏ మతం వాళ్ళయినా అక్కడ వుండవచ్చు అన్నాడు.

ఆ పలకరింపు వాడుకలో వుండేదనడానికి విలియమ్స్ రాసిన పుస్తకమే సాక్ష్యం. 1643లో లండనుకు వెళుతూ ఓడలో ఆయన నారగాన్సెట్ భాషను గురించి ఒక పుస్తకం సిద్ధం చేశాడు. అది ఆ ఏడే అచ్చయింది. దాని మొదటి అధ్యాయం దేన్ని గురించి అనుకున్నారు? పలకరింపులను గురించి! ఇంగ్లీషువాళ్ళంతా ఇండియన్లను ఈ మాటతోనే పలకరిస్తారని ఆయన అందులో నమోదు చేశాడు. వ్యాకరణంతోనో వర్ణమాలతోనో మొదలుపెట్టకుండా పలకరింపుతో మొదలుపెట్టిన భాషాబోధకుడికి, అదే వృత్తిలో వున్నవాడిగా, నేను నమస్కరిస్తాను.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. 1675లో వలసవాళ్ళకూ ఇండియన్లకూ యుద్ధం వచ్చింది. ఆ డిసెంబరులో వలస సైన్యాలు మంచులో నడిచి వెళ్ళి, చిత్తడినేలలోని నారగాన్సెట్ కోటను తగలబెట్టాయి. వృద్ధులు, స్త్రీలు, పిల్లలు వందల సంఖ్యలో చనిపోయారు. 1676 మార్చిలో నారగాన్సెట్ యోధులు వచ్చి ప్రావిడెన్స్‌ను తగలబెట్టారు. కాలిన ఇళ్ళలో విలియమ్స్ ఇల్లు కూడా వుంది. అప్పటికి ఆయన డెబ్బయి దాటిన ముసలివాడు. నేస్తమన్న కేక వినపడిన గట్టు మీదనే, నలభై ఏళ్ళకు, ఆయన ఆ మంట చూశాడు.

పలకరింపు స్నేహానికి తలుపు తీస్తుంది గాని, ఆ తలుపు తెరిచే వుంచడం దాని చేతిలో లేదు. ఆ పని మనుషులు చేయాలి.

ప్రావిడెన్స్ నగర ముద్రమీద ఇవాళ్టికీ 'వాట్ చీర్' అనే వుంది. విలియమ్స్ పడవ దిగే బొమ్మా వుంది. ఆ రాయి మాత్రం లేదు. దాని చుట్టూ మట్టి పేరుకుంటే, పైకి కనిపించేలా చేద్దామని 1877లో నగరపాలకుల పనివాళ్ళు మందుగుండు పెట్టారు. మోతాదు ఎక్కువై రాయి కాస్తా ముక్కలైంది. రాయి పోయినా మాట మిగిలింది! ఆ మాట పేరుతోనే అయోవా రాష్ట్రంలో ఒకప్పటి బొగ్గుగనుల ఊరొకటుంది. 1879లో దానికి 'వాట్ చీర్' అని పేరు పెట్టారు. మన దేశంలో 'కులాసా' అనే పేరుతో ఒక రైల్వే స్టేషను వున్నట్టు ఊహించుకోండి!

గాడిదబండి వైభవం

ఇక లండన్‌కు వద్దాం. చీప్‌సైడ్ వీధిలో సెయింట్ మేరీ లీ బో అనే చర్చి వుంది. దాని గంటలు వినిపించేంత మేరలో పుట్టినవాడే అసలైన కాక్నీ అని నానుడి. ఆ గంటలు 1941 మేలో జర్మన్ బాంబులకు కూలిపోయి, 1961లో మళ్ళీ మోగాయి. ఈ కాక్నీ జనం పదం మొదట్లో హకారాన్ని మింగేస్తారు, చివర రకారాన్ని వదిలేస్తారు. వాళ్ళ నోట పడి 'వాట్ చీర్' నలిగి నలిగి 'వాచా' అయింది. "వాట్ ఆర్ యూ" అన్నదే ఇలా అయిందనుకునే వాళ్ళూ వున్నారు గాని, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 'వాట్ చీర్' పక్షమే.

1891లో ఆల్బర్ట్ షెవాలియర్ అనే గాయకుడు లండన్ సంగీతశాలల్లో ఈ పలకరింపునే పల్లవిగా పెట్టి ఒక హాస్యగీతం పాడాడు. బీద కుటుంబం ఒకటి. డబ్బున్న బంధువు చనిపోతూ వాళ్ళకు ఒక గాడిదబండి రాసిపోయాడు. ఇంకేం! భార్యాభర్తలు రాజూరాణీల్లా ఓల్డ్ కెంట్ రోడ్డు మీద బండి తోలుకెళుతుంటే, ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకుని 'వాచా' అంటూ అల్లరి పెడతారు. ఆ అల్లరిలో ఎగతాళి వుంది, కొంచెం అసూయ వుంది, ఎక్కువపాళ్ళు ఆత్మీయత వుంది. పాట ఊరంతా పాకింది. 1939లో వచ్చిన 'ది లిటిల్ ప్రిన్సెస్' చిత్రంలో బాలనటి షిర్లీ టెంపుల్ కూడా దాన్ని పాడింది.

బళ్ళలో మాత్రం ఈ మాటకు చోటు లేదు. కాక్నీ యాస దిద్దించడం చాలాకాలం ఇంగ్లండు ఉపాధ్యాయుల పరమధర్మంగా వుండేది. రాజుగారి ఎదుట నాటకంలో మోగిన మాట, వీధిలో పళ్ళమ్మే మనిషి నోట వినబడేసరికి మోటైపోయింది. మాట మారలేదు, పలికే మనిషి మారాడు. మనం 'మోటుమాట' అన్నప్పుడు చాలాసార్లు తప్పుపట్టేది మాటను కాదు, మనిషిని.

ఈ సంగతి నాకు బాగా ఎరుకే. నేను పనిచేసిన ఒక కాలేజీలో మొదటి సంవత్సరం కుర్రాడొకడు గుమ్మంలో నిలబడి "దండాలు సారూ" అన్నాడు. వెనుక బెంచీలో కిసుక్కున నవ్వులు. ఆ కుర్రాడి ముఖం చిన్నబోయింది. మర్నాటినుంచి 'గుడ్ మార్నింగ్ సార్' మొదలుపెట్టాడు. వాళ్ళింట్లో నాలుగు తరాలుగా పెద్దల ఎదుట చేతులు జోడించి అన్న మాటను ఒక్క నవ్వు పోగొట్టింది. మూడేళ్ళూ అతను నాకు గుడ్ మార్నింగే చెప్పాడు. నేను మూడేళ్ళూ "దండాలు నాయనా" అనే బదులిచ్చాను. చివరి సంవత్సరం వచ్చేసరికి తరగతిలో మరో ఇద్దరు ముగ్గురు నాకు దండాలు పెట్టడం మొదలుపెట్టారు. నవ్వినవాళ్ళలో ఒకడు కూడా వాళ్ళలో వున్నాడు.

దర్భలు కోసేవాడు

మన పలకరింపుల్లోనూ ఇలా అరిగిపోయిన బిళ్ళలు ఎన్నో వున్నాయి. "కుశలమేనా?" అంటాం. కుశలుడంటే మొదట దర్భలు కోసి తెచ్చేవాడట. దర్భ అంచు కత్తి లాంటిది. చేయి తెగకుండా కోయాలంటే నేర్పు కావాలి. అందుచేత 'కుశలుడు' నేర్పరి అయ్యాడు, 'కుశలం' క్షేమం అయింది. మమ్మటుడు కావ్యప్రకాశంలో, మాట తన మొదటి అర్థం వదిలి వాడుకచేత మరో అర్థంలో పాతుకుపోవడానికి ఈ పదాన్నే ఉదాహరణగా చూపాడు. తర్వాత సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడు ఒప్పుకోలేదు. మాట దేనినుంచి పుట్టిందన్నది వేరు, దేనికోసం వాడుతున్నామన్నది వేరు, నేర్పరి అన్నదే దాని అసలర్థం అని ఆయన వాదం.

మా క్లాసులో ఈ తగాదాకు 'వాచా' మంచి సాక్షిగా పనికివచ్చింది. లండన్ వీధిలో 'వాచా' అనేవాడికి 'చీర్' అంటే ముఖమని తెలియదు. మనలో 'కుశలమా' అనేవాడికి దర్భలు గుర్తుకు రావు. 'కులాసా' అరబ్బీ పారశీకాలనుంచి నడిచి వచ్చిందని ఉత్తరం రాసే అమ్మమ్మకు తెలియదు. పాత ఉత్తరాల్లో మొదటి పంక్తి 'ఉభయ కుశలోపరి' అంటే ఏమిటో అడిగితే పెద్దవాళ్ళే తడబడేవారు. తెలియకపోతేనేం, ఆ పంక్తి కనబడగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేవారు. చెడు కబురు మోసే కార్డులో ఆ పంక్తి వుండేది కాదు మరి.

పుట్టుక తెలిస్తే ఒక లాభం లేకపోలేదు. మాట తొలినాడు ఏ పనిమీద బయలుదేరిందో గుర్తుకొస్తుంది. 'వాట్ చీర్?' బయలుదేరింది ఎదుటివాడి ముఖంలోకి చూడడానికి. చూడకుండా అంటే అది ఉత్త శబ్దం. చూసి అంటే, అరిగిన బిళ్ళ మీద మళ్ళీ బొమ్మ తేలుతుంది.

ఆ చూపు ఎక్కడికీ పోలేదు. మన పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో వుంటారు. టెలిఫోను రోజుల్లో ముఖం కనబడేది కాదు గనుక తల్లి గొంతును పట్టుకునేది: "ఏరా, గొంతు అలా వుందేం?" ఇప్పుడు ఫోనులోనే బొమ్మ కనబడుతోంది. కొడుకు 'హాయ్ అమ్మా' అని నవ్వుతాడు. తల్లి హాయ్ అనదు, హలో అనదు. కళ్ళజోడు సరిచేసుకుని ఒక్క క్షణం చూసి, "మొహం అలా పీక్కుపోయిందేమిరా?" అంటుంది.

వాట్ చీర్‌కు ఇంతకంటే చక్కని తెలుగు నాకు తెలియదు.